బ్యాండ్ సా చక్రాలకు కొత్త రబ్బరు: ఏ యంత్రానికి ఏది తగును

బ్యాండ్ సా, అంటే ఉంగరంలాంటి రంపపు బ్లేడు పైనొకటి కిందొకటి ఉన్న రెండు చక్రాల మీద తిరిగే యంత్రం; దాని చక్రాల మీది రబ్బరు అరిగిపోయిందని తేలాక హైదరాబాదులోని ఒక వర్క్‌షాపు యజమాని ముందు సాధారణంగా నాలుగు దారులుంటాయి. యురేథేన్ (రబ్బరులా సాగే ఒక రకం ప్లాస్టిక్) టైర్లు తెప్పించి తొడిగించుకోవచ్చు. అతుకు లేని రబ్బరు టైర్లు కొని జిగురుతో అతికించుకోవచ్చు. రాణీగంజ్‌లో రబ్బరు షీటు కొని, పట్టీగా కోసి చుట్టించుకోవచ్చు. లేదా చక్రాలనే విప్పి, రోలర్లకు రబ్బరు ఎక్కించే కార్ఖానాకు పంపవచ్చు. ఎవరిని అడిగినా, ఎక్కడ వెతికినా మొదట వినిపించే జవాబు యురేథేన్. ఆ జవాబులో తప్పేమీ లేదు గానీ, అది ఎక్కువగా 14 అంగుళాల వ్యాసం గల చక్రాలున్న చిన్న యంత్రాలు వాడేవారి అనుభవంలోంచి వచ్చింది. మన ఫర్నిచర్ కార్ఖానాల్లో, టింబర్ డిపోల పక్కనుండే కోత షెడ్లలో తిరిగే 18, 24, 30 అంగుళాల పోత ఇనుము చక్రాలకు అదే సలహాను యథాతథంగా అమలు చేస్తే డబ్బు పోయి పని నిలిచిపోయే అవకాశమే ఎక్కువ. ఏది ఎంచుకోవాలో మొదట చక్రపు అంచు నిర్ణయిస్తుంది, తరువాత యంత్రం మీద జరిగే పని నిర్ణయిస్తుంది. పదార్థం పేరు ఆ రెండింటి తరువాతనే వస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా కలప కోసే, సన్నని బ్లేడు నడిచే యంత్రాల గురించి మాత్రమే. దుంగలు చీల్చే పెద్ద ఆరా మిషన్లు చాలావరకు వెడల్పాటి బ్లేడును వట్టి ఇనుప చక్రాల మీదే నడుపుతాయి. ఇనుము కోసే బ్యాండ్ సాలలోనూ పెద్దవాటికి రబ్బరు ఉండదు. ఆ యంత్రాలకు ఈ చర్చతో పని లేదు.

మార్చవలసిన సమయం వచ్చిందా?

రబ్బరు చేసే పనులు మూడు. బ్లేడు జారకుండా పట్టు ఇస్తుంది, అటూ ఇటూ వంచిన పళ్ళ సెట్టింగు ఇనుముకు తగిలి చెడిపోకుండా కాపాడుతుంది, నడుమ కాస్త ఉబ్బుగా ఉండి బ్లేడును తన దారిలో నిలబెడుతుంది. ఈ మూడింటిలో ఏది తగ్గినా ఆ లక్షణం కోతలోనే కనిపిస్తుంది. గీత మీద నడవవలసిన బ్లేడు ఒక పక్కకు లాగడం, పై చక్రపు వంపు ఎంత సరిచేసినా బ్లేడు ముందుకూ వెనక్కూ ఊగడం, కింది చక్రం మూత తీసినప్పుడు రంపపు పొట్టుతో పాటు నల్లని రబ్బరు పొడి కనబడడం వాటిలో ముఖ్యమైనవి.

అనుమానం తీర్చుకోవడానికి పెద్ద పరికరాలేవీ అక్కరలేదు. మెయిన్ స్విచ్ తీసి, ప్లగ్గు పీకి, బ్లేడు దించి, బొటనవేలి గోటితో రబ్బరును గట్టిగా నొక్కి వదలండి. గోటి గుర్తు కనిపించి వెంటనే మాయమైతే రబ్బరులో ఇంకా జీవం ఉన్నట్టే. గోరు అసలు దిగకుండా పైపొర అద్దంలా మెరుస్తుంటే అది గట్టిపడిపోయింది. నొక్కిన చోట పొడి రాలినా, చిన్న చిన్న పగుళ్ళు విచ్చుకున్నా ఆలోచించవలసిన పని లేదు, మార్చాలి. గుర్తు పడి అలాగే మెత్తగా, జిగటగా ఉండిపోతే నూనె తగిలిందనో, పదార్థమే కుళ్ళుతోందనో అర్థం, అదీ మార్చవలసినదే. మెరుపు మాత్రమే ఉండి పగుళ్ళు లేకపోతే మాత్రం పైపొరను గరుకు కాగితంతో తీసి కొంతకాలం నడపవచ్చు.

వేసవిలో రేకుల షెడ్డు కింద వేడి బయటి 40 డిగ్రీలను దాటిపోతుంది. సహజ రబ్బరుకు వేడీ, గాలిలోని ఓజోనూ రెండూ శత్రువులే. అందుచేత తక్కువగా వాడిన యంత్రానికి కూడా రబ్బరు ఎండి పగలడం ఇక్కడ మామూలే. వాడనప్పుడు కూడా బ్లేడును బిగించే ఉంచితే, బ్లేడు ఆనుకున్న చోట రబ్బరు నొక్కుకుపోయి, చక్రం తిరిగినప్పుడల్లా దడదడమనే అలవాటు పడుతుంది.

ఒక చక్రానిది బాగుండి రెండవదానిది పోయినా రెండింటికీ కలిపే మార్చడం మంచిది. కింది చక్రం మోటారుతో తిరుగుతుంది, పొట్టంతా దాని మీదే పడుతుంది కాబట్టి ముందు అరిగేది అదే. కానీ పైదానికి పాత రబ్బరు, కిందిదానికి కొత్తది ఉంటే మందంలోనూ పట్టులోనూ తేడా వచ్చి బ్లేడును దారిలో పెట్టడం విసుగు పుట్టిస్తుంది.

ముందు చక్రపు అంచు చూడండి

పాత రబ్బరు కోసి తీశాక బయటపడే ఇనుము ముఖం మూడు రకాలుగా ఉండవచ్చు. కొన్ని చక్రాలకు రెండు వైపులా చిన్న గట్లుండి మధ్యలో కాలువలాంటి పల్లం ఉంటుంది. టైరు అందులో కూర్చుంటుంది. కొన్నింటికి గట్లు లేకుండా, అంచు తానే నడుమ ఉబ్బుగా తిరగబట్టి ఉంటుంది. సమానమైన మందం గల రబ్బరు వేస్తే ఆ ఉబ్బు దానంతట అదే పైకి వస్తుంది. మన దగ్గర తయారైన పెద్ద యంత్రాల్లో తరచుగా కనిపించేది మూడవ రకం, అంటే పూర్తిగా చదునైన అంచు. దీని మీద రబ్బరు నిలవాలంటే జిగురో వల్కనైజింగో (పచ్చి రబ్బరును వేడితో ఇనుముకు కలిపేయడం) తప్పదు, ఉబ్బును రబ్బరులోనే చెక్కి తీయాలి. స్కేలును అంచుకు అడ్డంగా నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూస్తే ఏ రకమో క్షణంలో తెలిసిపోతుంది.

వ్యాసాన్ని కూడా రబ్బరు తీసిన తరువాతనే కొలవాలి. 24 అంగుళాల చక్రం అంటే ఉత్త ఇనుము 610 మిల్లీమీటర్లా, రబ్బరుతో కలిపి 610 మిల్లీమీటర్లా అన్నది తయారీదారును బట్టి మారుతుంది. పాత రబ్బరు మందాన్ని ఎక్కువ అరగని అంచు దగ్గర కొలిచి రాసుకోవాలి. దీన్ని నిర్లక్ష్యం చేసేవారే ఎక్కువ, కానీ లెక్క సులువైనదే. బ్లేడు ప్రతి చక్రాన్నీ సగం చుట్టుకుంటుంది కాబట్టి, రెండు చక్రాల మీదా రబ్బరు 3 మిల్లీమీటర్లు మందమైతే బ్లేడుకు దాదాపు 19 మిల్లీమీటర్ల పొడవు ఎక్కువ కావాలి. పాత బ్లేడునే ఎక్కించాలంటే పై చక్రం తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు కిందికి దిగాలి. బిగింపు మరకు అంత జాగా మిగలకపోతే దగ్గరున్న బ్లేడులన్నీ పనికిరాకుండా పోతాయి. ఆ జాగా ఉందో లేదో ఆర్డరు పెట్టేముందే చూసుకోవాలి.

యురేథేన్ టైరు ఎవరికి

గట్ల మధ్య కాలువ ఉన్న 10 నుంచి 18 అంగుళాల చక్రాలకు యురేథేన్‌ను మించినది లేదని నా అభిప్రాయం. దానికి జిగురు అక్కరలేదు. చక్రం కన్నా కొద్దిగా చిన్నదిగా పోత పోసిన ఉంగరాన్ని వేడి నీళ్ళలో పది, పదిహేను నిమిషాలు నానబెడితే మెత్తబడి సాగుతుంది. అప్పుడు ఒక చోట క్లాంపుతో పట్టి, ఇద్దరు కలిసి చుట్టూ లాగి తొడిగితే చల్లారాక బిగుసుకుంటుంది. గ్లవుజులు వేసుకోవాలి, నీళ్ళు మరగనక్కరలేదు. రేపు మళ్ళీ మార్చవలసి వస్తే కత్తితో ఒక కోత కోస్తే ఊడి వస్తుంది, గీకవలసిన జిగురు ఉండదు. నూనెకూ, టేకులోని జిడ్డుకూ తట్టుకుంటుంది, ఎండినట్టుగా పగలదు.

అయితే కొనేముందు రెండు విషయాలు అడగాలి. యురేథేన్‌లో పాలిఎస్టర్ రకం, పాలిఈథర్ రకం అని రెండున్నాయి. పాలిఎస్టర్ రకం రాపిడికి బాగా ఆగుతుంది గానీ, తేమలో నెమ్మదిగా విడిపోయి జిగటగా మారే గుణం దానికుంది. వానాకాలమంతా తలుపు తెరిచి ఉండే షెడ్డులో పాలిఈథర్ రకమే నయం. అమ్మేవారు ఏ రకమో చెప్పలేకపోతే అది కొనకపోవడమే తెలివైన పని. రెండవది వెడల్పు. కాలువ కన్నా ఒక మిల్లీమీటరు ఎక్కువున్నా టైరు అంచు గట్టు మీదికెక్కి, తిరిగినప్పుడల్లా బ్లేడును ఎగరేస్తుంది.

చదునైన అంచున్న 24 అంగుళాల చక్రానికి ఇదే టైరును సాగదీసి తొడిగితే ఏమవుతుంది? పట్టి ఉంచే గట్టు లేదు కనుక బ్లేడు ఒత్తిడికి టైరు అంగుళం అంగుళం పక్కకు జరుగుతుంది. అప్పుడు జిగురు పెడదామనుకుంటారు. కానీ మామూలు రబ్బరు జిగుర్లు యురేథేన్‌ను నమ్మకంగా పట్టవు. 24 అంగుళాల చక్రం నిమిషానికి 700 చుట్లు తిరుగుతుంటే దాని అంచు సెకనుకు 22 మీటర్ల పైగా వేగంతో పోతుంది. ఆ వేగంలో వదులైన టైరు ఊడితే బ్లేడు కూడా దానితో పాటే వస్తుంది. అందుకే పెద్ద చదును చక్రాలకు యురేథేన్ వద్దని నేను గట్టిగానే చెబుతాను, అమ్మేవారు ఎంత నచ్చజెప్పినా సరే.

అతుకు లేని రబ్బరు టైరు

ఉబ్బుగా తిరగబట్టిన అంచుకూ, దొరికితే చదును అంచుకూ కూడా ఇది సరిపోతుంది. కొలతకు సరిపడే ఉంగరం దొరకడమే దీని చిక్కు. 14 అంగుళాల దానికి సులువుగా దొరుకుతుంది, పెద్ద కొలతలకు తెప్పించుకోవాలి. దీని జయాపజయాలు రబ్బరు మీద కన్నా జిగురు మీదే ఆధారపడి ఉంటాయి.

మన వడ్రంగులకు బాగా అలవాటైనవి రెండు వైపులా పూసి ఆరబెట్టి అంటించే కాంటాక్ట్ జిగుర్లు: ఫెవికాల్ ఎస్‌ఆర్ 998, ఫెవిబాండ్ లాంటివి. లామినేట్ షీటు అంటించడానికి అవి అద్భుతమైనవి. కానీ ఉంగరంలాంటి టైరును చక్రం మీదికి లాగేటప్పుడు అవే అడ్డు తగులుతాయి, ఎందుకంటే తాకిన చోటల్లా తక్షణం పట్టేస్తాయి. సర్దుకునే వ్యవధి ఉండదు. మే నెలలో షెడ్డులో పూసిన జిగురు మూత పెట్టేలోపే ఆరిపోతుంది. కాబట్టి ఉంగరపు టైరుకు నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ, అంటే మామూలు అరాల్డైట్ లాంటిది, మెరుగైనది. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం మాత్రం తీసుకోకూడదు.

టైరు తొడిగాక చేయవలసిన ఒక చిన్న పనిని చాలామంది వదిలేస్తారు. లాగి తొడిగినప్పుడు రబ్బరు ఒక చోట ఎక్కువగానూ మరొక చోట తక్కువగానూ సాగి ఉంటుంది. ఎక్కువ సాగిన చోట పలుచబడుతుంది. నున్నని గుండ్రటి కడ్డీని, స్క్రూడ్రైవరు కాడ కూడా చాలు, టైరుకూ చక్రానికీ మధ్య దూర్చి, చక్రం చుట్టూ రెండు మూడు సార్లు దొర్లిస్తూ తిప్పితే సాగుదల అంతటా సమానమవుతుంది. జిగురు కూడా పరుచుకుంటుంది. ఇది చేశాక అంచుల్లోంచి పైకి వచ్చిన ఎపాక్సీని తుడిచి, ఒక రాత్రీ ఒక పగలూ కదపకుండా ఉంచాలి.

షీటు పట్టీ: చవకైనది, చులకన చేయవలసినది కాదు

రబ్బరు షీటును పట్టీగా కోసి చుట్టే పద్ధతిని చూసి నవ్వేవారున్నారు. నిజానికి 24, 30 అంగుళాల చదును చక్రాలున్న సాధారణ ఫర్నిచర్ కార్ఖానాకు రోజువారీ ఖర్చుల లెక్కలో ఇది కూడా ఒక గౌరవప్రదమైన దారే, రెండు షరతుల మీద.

మొదటి షరతు రబ్బరు రకం. దుకాణంలో నల్లగా కనిపించే షీట్లన్నీ ఒకటి కావు. సహజ రబ్బరుకు పట్టు, సాగుదల బాగుంటాయి గానీ నూనె, ఓజోన్ గిట్టవు. నైట్రైల్ నూనెకు తట్టుకుంటుంది, ఎండకూ ఓజోనుకూ తట్టుకోదు. నియోప్రీన్ నూనెకూ ఓజోనుకూ ఓ మోస్తరుగా ఆగుతుంది, కాంటాక్ట్ జిగుర్లకు బాగా అంటుకుంటుంది. హైదరాబాదు షెడ్డుకు నా ఎంపిక నియోప్రీన్. లోపల గుడ్డ వేసిన ఇన్సర్షన్ షీటు సాగదు కాబట్టి కొందరు ఇష్టపడతారు; కానీ ఉబ్బు కోసం పైన చెక్కినప్పుడు గుడ్డ బయటపడితే ఆ చోట పట్టు పోతుంది. మందం అయిదారు మిల్లీమీటర్లుంటే, అది కూడా గుడ్డ అడుగు పొరల్లో ఉంటేనే అది ఒప్పుకోదగినది.

రెండవ షరతు అతుకు. పట్టీ రెండు కొసలనూ నిలువుగా కోసి ఎదురెదురుగా ఆనిస్తే అతుకు దగ్గర గుంట పడుతుంది, ప్రతి చుట్టుకూ బ్లేడు టక్కుమంటుంది. కొసలను మందంలో ఏటవాలుగా కోసి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాలి. పైకి వచ్చే కొస, చక్రం తిరిగే దిశకు వెనక్కు వాలి ఉండాలి. ఎదురుగా ఉంటే బ్లేడు దాన్ని లేపుతుంది. పట్టీని లాగి అంటించకూడదు, కొలత కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు పొడవు ఉంచి, అతుకు దగ్గర ఒత్తి కూర్చోబెట్టాలి. ఇక్కడ కాంటాక్ట్ జిగురే సరైనది, ఎందుకంటే పట్టీని ఒక కొస నుంచి మరో కొసకు కొంచెం కొంచెంగా పరుస్తూ పోవచ్చు.

సైకిలు ట్యూబు, స్కూటరు ట్యూబు కోసి తొడగడం కూడా చూస్తుంటాం. బల్ల మీద పెట్టుకునే బుల్లి యంత్రానికి, కొత్త టైరు వచ్చేలోపు ఒకటి రెండు పనులు పూర్తి చేయడానికైతే సరే. అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు. కొన్ని పాత యంత్రాలకు బెండు పట్టీ ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ తిరిగే కన్నా రబ్బరుకు మారడమే మంచిది.

కార్ఖానాకు పంపి రబ్బరు ఎక్కించడం

రోజంతా ఆగకుండా నడిచే యంత్రానికి, 24 అంగుళాలూ అంతకు పైబడిన చదును చక్రాలకు, నా దృష్టిలో మొదటి స్థానం దీనిదే. ప్రింటింగ్ రోలర్లకు రబ్బరు వేసేవారి పని విధానమే ఇక్కడా: పాత రబ్బరును లేత్ మీద తీసేసి, ఇసుక కొట్టి ఇనుమును గరుకు చేసి, దాని మీద బంధక ద్రవం పూసి, పచ్చి రబ్బరును పొరలు పొరలుగా చుట్టి, గుడ్డ టేపుతో బిగించి, ఆవిరి పాత్రలో వేడి చేస్తారు. ఆ వేడిలో రబ్బరు ఇనుముతో కలిసిపోతుంది. అతుకు అనేదే ఉండదు. ఆ తరువాత చక్రాన్ని దాని సొంత రంధ్రం ఆధారంగానే లేత్ మీద పట్టి, రబ్బరును గ్రైండ్ చేసి, గుండ్రమూ ఉబ్బూ ఒకేసారి తీస్తారు. చేత్తో అంటించిన ఏ టైరూ ఇంత గుండ్రంగా రాదు. దీని అసలు లాభం అదే.

నష్టం ఏమిటంటే, యంత్రం కొన్ని రోజులు మూతపడుతుంది, పెద్ద చక్రాలను విప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి, రవాణా ఖర్చు కూడా ఉంటుంది. బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్ లాంటి పారిశ్రామికవాడలకు దగ్గరలో ఉన్నవారికి ఈ బాధ తక్కువ. యంత్రం ఎలాగూ విప్పాలి కాబట్టి బేరింగులు కూడా అప్పుడే చూసుకోవచ్చు. వేడికి పంపేముందు వాటిని తీసేయడం ఎలాగూ తప్పనిసరి.

పని అప్పగించేటప్పుడు నోటిమాట సరిపోదు, కాగితం మీద రాసివ్వాలి. రెండు చక్రాలకూ పూర్తయిన బయటి వ్యాసం ఒకటే ఉండాలి, ఉబ్బు నడుమ అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకే ఉండాలి, గట్టిదనం షోర్ ఎ కొలతలో 70, 80 మధ్య ఉండాలి, బ్లేడు వైపు ముఖం మీద గాలి బుడగలు ఉండకూడదు. వీటిలో మొదటిది అందరూ మరిచిపోతారు కాబట్టి చక్రాలు దింపేటప్పుడు మేస్త్రీకి ఇంకోసారి చెప్పడం మంచిది: “అన్నా, రెండు చక్రాలకూ పైకొలత ఒక్కటే రావాలె, పాతది ఎంతుండెనో చీటీల రాసిన.” చాలా మెత్తని రబ్బరు ఎక్కువ పట్టు ఇస్తుందనిపించినా, బిగించిన సన్నని బ్లేడు దానిలో గాడి కోసుకుంటుంది.

యంత్రాన్ని బట్టి తీర్పు

ఇంటి గ్యారేజీలోనో, చిన్న గదిలోనో బొమ్మలు, చిన్న ఫర్నిచర్ చేసుకునేవారి 10 నుంచి 14 అంగుళాల యంత్రానికి యురేథేన్ కొనండి, ఇంకేమీ ఆలోచించకండి. అదే కొలతలో చక్రానికి గట్లు లేకపోతే రబ్బరు ఉంగరం, ఎపాక్సీ. రోజుకు రెండు మూడు గంటలు నడిచే 18, 24 అంగుళాల యంత్రానికి, అంచు చదునుగా ఉండి, చేతిలో ఓపికగల వడ్రంగి ఉంటే నియోప్రీన్ పట్టీ బాగా పనిచేస్తుంది. వంపు కోతలు, కుర్చీ కాళ్ళు, తలుపు ఫ్రేములు రోజంతా కోసే కార్ఖానాకు మాత్రం పట్టీ చవకనిపించడం పైపై లెక్క: ఏడాదిలో ఒకసారి అతుకు లేచి ఒక పనిదినం పోతే, వల్కనైజింగ్ మీద మిగిల్చినదంతా అక్కడే తీరిపోతుంది. వేప, తుమ్మ, మామిడి లాంటి పచ్చి కలప కోసేచోట కింది చక్రం మీద జిగట పొట్టు గట్టిపడుతుంది కాబట్టి, ఏ టైరు వేసినా కింది చక్రానికి ఆనేలా ఒక గట్టి బ్రష్షు బిగించుకోవాలి.

బిగించాక

ఏ పద్ధతికైనా ముందు ఇనుమును శుభ్రం చేయడంలో పెట్టిన శ్రమే ఫలితం చూపిస్తుంది. పాత జిగురు ముక్క బియ్యపు గింజంత మిగిలినా కొత్త టైరు అక్కడ ఎత్తుగా నిలుస్తుంది. టిన్నరుతో తడిపి గీకుడు పట్టీతో తీయండి. అల్యూమినియం చక్రమైతే ఇనుప బ్రష్షుతో గట్టిగా రుద్దకండి, అంచు గీతలు పడుతుంది.

చదును చక్రం మీద అంటించిన రబ్బరుకు ఉబ్బు తీయాలంటే, బ్లేడు తీసేసి, చదునైన చెక్కకు గరుకు కాగితం అంటించి, చక్రాన్ని తిప్పుతూ రెండు అంచుల వైపూ కొద్ది కొద్దిగా ఆనించాలి. పై చక్రాన్ని డ్రిల్లింగ్ మిషన్‌కు చిన్న రబ్బరు చక్రం తగిలించి తిప్పవచ్చు. మోటారుతో తిరిగే కింది చక్రం దగ్గర చెయ్యి పెట్టే ధైర్యం అందరికీ మంచిది కాదు, అది తెలిసిన మేస్త్రీకే వదిలేయాలి. ముక్కుకు మాస్కు తప్పనిసరి. డయల్ గేజీ ఉంటే చక్రం మీద ఆనించి చేత్తో తిప్పి చూడండి, ఎగుడుదిగుడు పావు మిల్లీమీటరు దాటకూడదు.

బ్లేడు ఎక్కించి, చేత్తో తిప్పుతూ పై చక్రపు వంపు సరిచేసి, బ్లేడు దారిలో నిలిచాకనే గైడులను (బ్లేడు పక్కకూ వెనక్కూ జరగకుండా ఆపే భాగాలను) దగ్గరకు తేవాలి. వెనక బేరింగుకూ బ్లేడుకూ మధ్య అర మిల్లీమీటరు, పక్క గైడులకు ఒక కాగితం మందం చాలు. మూతలు మూసి, కోయకుండా పది నిమిషాలు నడిపి, ఆపి, మెయిన్ తీసి, టైరు అంచులను వేలితో తడిమి చూడండి. మొదటి వారంలో రోజూ ఇలా చూడాలి. ఎక్కడైనా అంచు లేచినట్టు తగిలితే అక్కడ మాత్రమే జిగురు నింపి సరిపెట్టవద్దు. అంటించినది ఉంగరమైనా పట్టీ అయినా పూర్తిగా తీసి, అంచు మళ్ళీ శుభ్రం చేసి, కొత్తగా అంటించాలి. వల్కనైజ్ చేసిన రబ్బరు లేస్తే చక్రాన్ని చేసినవారికే తిప్పి పంపాలి.